తుపాకుల ఆటకి మొక్కల గ్యారంటీ

ఆ తుపాకుల వీడియో గేమ్ ట్రైలర్ వచ్చిన రోజున నా షాపులో మొదటి విమర్శ మా మావయ్యగారి నోటినుంచి వచ్చింది. అది తుపాకుల గురించి కాదు, వాటి వెనకాల ఉన్న పొదల గురించి.

పెద్ద టీవీ ముందు పన్నెండు మంది ఇంజనీరింగ్ కుర్రాళ్ళు ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. తెర మీద అడవి, వాన, బురదలో పాక్కుంటూ వస్తున్న ఒక సైనికుడు. వాడి హెల్మెట్ అంచున వేలాడుతున్న నీటిబొట్టులో వెనక తగలబడుతున్న వంతెన తలకిందులుగా కనిపించింది. కుర్రాళ్ళంతా ఒక్కసారి "అబ్బా!" అని అరిచారు. నాకూ ఒళ్ళు జలదరించింది. సరిగ్గా అప్పుడు వెనక ప్లాస్టిక్ కుర్చీలోంచి మావయ్యగారు గొంతు సవరించుకున్నారు.

"ఆ పొదలేంటమ్మా, డ్రిల్లు చేస్తున్నాయి?"

ఎవరికీ అర్థం కాలేదు. ఆయనే లేచి వచ్చి తెర మీద వేలు పెట్టి చూపించారు.

"గాలి ఒక్కటేనయ్యా. అయినా ఒక్కో ఆకు ఒక్కోలా ఆడుద్ది. రావి ఆకు ఊరికే వణుకుద్ది. మామిడాకు బద్ధకంగా లేచి పడుకుంటది. అరటాకైతే చిరిగిపోద్ది. ఇక్కడ చూడండి, అన్నీ కలిసి అటోసారి, ఇటోసారి. ఇవి మొక్కలు కావు బాబూ, బళ్ళో పిల్లలు."

కుర్రాళ్ళలో ఒకడు ట్రైలర్ వెనక్కి తిప్పి నెమ్మదిగా మళ్ళీ వేశాడు. "నిజమేరా" అన్నాడు. ఆ ఒక్క మాటతో నా గుండె జారిపోయింది. ఎందుకంటే నా షాపు గది ఉండడం, ఊడడం ఆ ఆట మీదే ఆధారపడి ఉంది.

మాది కడియం. మా అత్తవారికి రోడ్డు పక్కన నాలుగెకరాల నర్సరీ ఉంది. మావయ్యగారు నలభై ఏళ్ళుగా మొక్కలు పెంచుతున్నారు. మా ఆయన ఆ మొక్కల్ని లారీలో వేసుకుని దేశమంతా తిరుగుతారు. నేను పెద్దాపురం నుంచి కోడలిగా వచ్చినప్పటి నుంచి బిల్లులు రాయడం, కవర్లు లెక్కపెట్టడం, కూలీలకి టీలు పంపడం నా పని. కవర్లంటే మొక్కలు పెట్టే నల్ల ప్లాస్టిక్ సంచులు. నా జీవితంలో నేను లెక్కపెట్టినన్ని నల్ల కవర్లు ఏ ఆడపిల్లా లెక్కపెట్టి ఉండదు. పెళ్ళికి ముందు పుట్టింట్లో మా తమ్ముడి కన్సోల్ మీద తుపాకుల ఆటలు ఆడేదాన్ని. వాడికంటే బాగా ఆడేదాన్ని, వాడు ఒప్పుకోడు గానీ. దూరం నుంచి గురిచూసి ఒక్క గుండుతో పడగొట్టడంలో నా చెయ్యి తిరుగులేనిది. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు, గొప్ప కోసమే చెబుతున్నాను.

మూడేళ్ళ కిందట నర్సరీ గేటు పక్కన రోడ్డు మీదకి ఉన్న గది అడిగి తీసుకున్నాను. అప్పటిదాకా అందులో కవర్ల కట్టలు, కొబ్బరి పొట్టు బస్తాలు ఉండేవి. వాటిని వరండాలోకి తరలించి, నా గాజులు రెండు బ్యాంకులో పెట్టి, రెండు కన్సోళ్ళు, ఒక పెద్ద టీవీ, ఒక ఏసీ కొన్నాను. గంటల లెక్కన ఆడుకోవచ్చు, డిస్కులు కొనుక్కోవచ్చు. మొదటి ఏడాది రాజమండ్రి రోడ్డు కాలేజీల పిల్లలు ఎగబడి వచ్చారు. తర్వాత అందరూ ఫోన్లలోనే ఆడుకోవడం మొదలెట్టారు. వరండాలో కవర్లు వానకి తడుస్తున్నాయి, గదిలో ఏసీ ఎవరూ లేకుండా చల్లగా తిరుగుతోంది. ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర మావయ్యగారు, "గది ఊరికే ఉంటే కవర్లన్నా లోపల పెట్టుకుందామా అమ్మా?" అన్నారు.

నాకు కోపం తొందరగా వస్తుంది. మా అమ్మ ఈ సంగతి పెళ్ళిచూపుల్లో దాచిపెట్టింది. ఆ కోపంలో అందరి ముందూ పందెం లాంటి మాట ఒకటి అనేశాను. ఈ దీపావళి ముందు ఒక పెద్ద తుపాకుల ఆట రాబోతోంది, అది మూడో భాగం, ప్రపంచమంతా ఎదురుచూస్తోంది, దాని డిస్కులు నేను ముప్పై అమ్ముతాను. ముప్పైకి ఒక్కటి తగ్గినా తాళం మీ చేతిలో పెట్టి మళ్ళీ కవర్లు లెక్కపెట్టుకుంటాను. మా అత్తయ్యగారు గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయారు. నాగపూర్ దగ్గర లారీలో ఉన్న మా ఆయన స్పీకర్ ఫోనులో, "ఎందుకే ఇప్పుడివన్నీ" అన్నారు. మావయ్యగారు మజ్జిగ పోసుకుంటూ, "సరేనమ్మా" అన్నారు. ఆయన అంత తేలిగ్గా ఒప్పుకోవడం నన్ను ఇంకా మండించింది.

ఆ గది నాకు ఎంత ముఖ్యమో ఎవరికీ చెప్పలేదు. ఆ ఇంట్లో, ఆ నాలుగెకరాల్లో, నేను మొదలుపెట్టినది అదొక్కటే. మిగతావన్నీ నేను రాకముందే ఉన్నాయి.

ట్రైలర్ వచ్చాక జోస్యాలు మొదలయ్యాయి. కాకినాడలో డిస్కులిచ్చే డీలరు, "వారంలో సరుకుండదండి మేడమ్, నా మాటినండి, యాభై చెప్పండి" అన్నాడు. మా ఆయన దారిలో ధాబాల దగ్గర ఆగినప్పుడల్లా తోటి డ్రైవర్లని ఆ ఆట గురించి అడిగి, రోజూ సాయంత్రం నాకు ఫోను చేసి ఫలితం చెప్పేవారు. "ఇవాళ తొమ్మిది మందిని అడిగాను. ఒక్కరికీ తెలీదంటున్నారు. డిమాండు లేనట్టుందే." లారీ డ్రైవర్లు నా గిరాకీలు కాదని ఎంత చెప్పినా ఆయన సర్వే ఆపలేదు. మా అత్తయ్యగారైతే ఒక్క ముక్కలో తేల్చేశారు: "ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. ఆట రాకముందే లెక్కలేంటే?"

అయినా వీళ్ళ జోస్యాలతో నాకు నష్టం లేదు. నష్టం మావయ్యగారితోనే వచ్చింది. ఆ పొదల మాట అన్న మర్నాటి నుంచి సాయంత్రమయ్యేసరికి కుర్రాళ్ళు ఆయన చుట్టూ చేరేవారు. ఆట బుక్ చెయ్యడానికి కాదు, ఆయన చేత ట్రైలర్‌కి పరీక్ష పెట్టించడానికి. వాళ్ళు ఇంటర్నెట్లో చదివిందంతా చెప్పేవారు, ఆయన దాన్ని నర్సరీలోకి లాక్కొచ్చేవారు.

"ఇందులో వెలుతురు నిజంగా పడ్డట్టే పడుద్ది తాతగారండి. దానికోసమే కొత్త కన్సోల్ కావాలండి."

"అలాగా. మరి అంత పెద్ద చెట్టు కింద గడ్డి అంత పచ్చగా ఎలా ఉందంటావ్? నీడలో గడ్డి పాలిపోవాలి కదా?"

"సెకనుకి అరవై బొమ్మలు తిరుగుతాయండి."

"తిరగనీ. ఆ నేల చూడు, ఎర్రమట్టి. ఎర్రమట్టిలో ఇంత తుంగ రాదు. చెరువు గట్టున తీసి గుట్ట మీద అతికించారు."

కుర్రాళ్ళు తలలు పంకించేవారు. ఆ తర్వాత నా వైపు తిరిగి, "రిలీజయ్యాక చూద్దాంలెండి ఆంటీ" అనేవారు. డెబ్భై ఏళ్ళాయన తాతగారు సరే, నేను ఆంటీ ఎలా అయ్యానో నాకు తెలీదు. నాకు ముప్పై ఎనిమిది. బుకింగులు ఏడు దగ్గర ఆగిపోయాయి. అందులో ఒకటి మా తమ్ముడిది.

చివరికి ఒకరోజు మొహమాటం చంపుకుని అనేశాను. "మావయ్యగారండీ, మీరు కాస్త మొక్కల దగ్గర కూర్చోకూడదా?"

"అక్కడ ఎండగా ఉందమ్మా. ఇక్కడ ఏసీ ఉంది" అన్నారాయన. అంత నిజాయితీగా చెప్పిన మనిషిని ఏమంటాం?

ఆషాఢం వచ్చింది. పెద్దాపురంలో మరిడమ్మ జాతర. పుట్టింటికి వెళ్ళకపోతే అమ్మ ఊరుకోదు. ఐదు రోజులు షాపు మావయ్యగారికి అప్పజెప్పక తప్పలేదు. వెళ్ళేముందు ఆయనకి ఒక నోటుపుస్తకం ఇచ్చి, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాను. ఎవరైనా ఆట బుక్ చేస్తామంటే పేరు, ఫోన్ నంబరు రాసుకుని అడ్వాన్సు తీసుకోండి. ఆకుల మాట ఎత్తకండి. నేల మాట ఎత్తకండి. గడ్డి ఊసు అసలే వద్దు. ఆయన అన్నిటికీ తలూపి, "ఎత్తనమ్మా, నువ్వు నిశ్చింతగా వెళ్ళిరా" అన్నారు. అమ్మవారి ముందు నిలబడి నేను మొక్కుకున్నది సౌభాగ్యం కాదు, సంతానం కాదు. ముప్పై డిస్కులు. జనం తోపులాటలో ఆ మాట పైకే అనేశాను. పక్కావిడ నన్ను అదోలా చూసింది.

తిరిగి వచ్చి నోటుపుస్తకం తెరిస్తే, నా పాత ఏడూ కలిపి ముప్పై నాలుగు పేర్లున్నాయి.

నేను మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాను. లోడు జాబితా రాసినట్టు గుండ్రటి అక్షరాలతో ఒక్కో పేరు, ఫోన్ నంబరు, పక్కన "తుపాకుల ఆట – ఒకటి" అని ఉంది. ఎవరికీ రెండు లేవు, మోసం లేదు. "ఎలాగండీ?" అని అడిగాను. "ఏముందమ్మా, వాళ్ళకి కాస్త ధైర్యం చెప్పాను. అంతే" అన్నారు. నా ఆనందంలో ఆ ధైర్యం ఎలాంటిదో అడగలేదు. వెంటనే కాకినాడ డీలరుకి ఫోను చేసి ముప్పై నాలుగూ ఖాయం చేశాను. "వెనక్కి తీసుకోవడం ఉండదండి మేడమ్" అన్నాడతను. "వెనక్కి ఎవరిస్తారండీ!" అని నవ్వాను. ఆ సాయంత్రం మా ఆయనకి ఫోనులో గంటసేపు వ్యాపారం గురించి పాఠం చెప్పాను. మంచి సరుకైతే విమర్శలు ఏమీ చెయ్యలేవు, పిల్లి శాపాలకి ఉట్లు తెగవు అని. ఆయన "ఊఁ, ఊఁ" అంటూ విన్నారు. లారీ నడుపుతున్నారు కాబట్టి పారిపోయే వీలు లేదు.

ఆట విడుదలైన రోజు షాపుకి మా బంతిపూల దండలే కట్టాం. మావయ్యగారు కొబ్బరికాయ కొట్టారు. కొత్త లారీకి చక్రం కింద పెట్టినట్టు, డిస్కుల పెట్టె కింద మా అత్తయ్యగారు నిమ్మకాయ పెట్టారు. పెట్టె బరువు చాలక నిమ్మకాయ నలగలేదు. నలక్కపోతే అశుభమని ఆవిడ పట్టుబట్టారు. అప్పుడే ఊరినుంచి వచ్చిన మా ఆయన, దానికేముంది అంటూ పెట్టె మీద కూర్చోబోయారు. నేను పెట్టిన కేకకి రోడ్డు అవతల టీకొట్టు వాళ్ళు కూడా లేచి నిలబడ్డారు. చివరికి నిమ్మకాయని విడిగా నలిపి శాస్త్రం కానిచ్చాం.

కుర్రాళ్ళు వరసగా వచ్చి డిస్కులు తీసుకుంటున్నారు. నేను మహారాణిలా కూర్చుని అందిస్తున్నాను. పదో వాడో, పదకొండో వాడో డబ్బా తిప్పి చూసుకుంటూ అడిగాడు: "గ్యారంటీ ఇవాళ్టి నుంచాండి, రేపట్నుంచాండి?"

"ఏం గ్యారంటీ?"

"అదేనండి, తాతగారు చెప్పారు కదండి. నెలలోపల బతక్కపోతే వేరుతో సహా తెచ్చిస్తే మార్చిస్తామని. వేరంటే బిల్లొక్కటేనాండి, డబ్బా కూడా తేవాలాండి?"

మా నర్సరీలో ఒక పద్ధతి ఉంది. మొక్క కొన్నవాళ్ళు నెలలోపల అది చచ్చిపోతే వేరూ మట్టీ పోకుండా తెచ్చి చూపించాలి. మావయ్యగారు వేరు పరీక్ష చేస్తారు. తప్పు మొక్కదైతే ఇంకో మొక్క ఇస్తారు. పెంచినవాళ్ళదైతే నాలుగు చీవాట్లు పెట్టి పంపిస్తారు. ఆ పద్ధతిని ఆయన ఉన్నదున్నట్టు తీసుకొచ్చి తుపాకుల ఆటకి తగిలించారు. నా పాత ఏడుగురితో సహా ముప్పై నాలుగు మందికీ అదే మాట ఇచ్చారు. అందుకే ఏడు కాస్తా ముప్పై నాలుగయ్యాయి. వారంలో ఆట మొత్తం ఆడేసి, వెనక్కిచ్చి, ఇంకోటి పట్టుకెళ్ళొచ్చని తెలిస్తే ముప్పై నాలుగేంటి, మూడొందల మంది వస్తారు.

కుర్రాళ్ళు వెళ్ళేదాకా పళ్ళ బిగువున ఆగి, తర్వాత మావయ్యగారి ముందు నిలబడ్డాను.

"ఎంత పని చేశారండీ! ఆటకి గ్యారంటీ ఏంటి? ఆడేశాక అందరూ తెచ్చిచ్చేస్తారు."

"ఎందుకిస్తారమ్మా? పండు తిన్నాక చెట్టు వెనక్కిస్తారా ఎవరన్నా?"

"ఇస్తారండి! వీళ్ళు ఇంజనీరింగ్ పిల్లలు!"

"బతక్కపోతేనే తెమ్మన్నాను. బతికితే ఎందుకు తెస్తారు?" అని ఆయన శాంతంగా చెప్పారు. మాట వెనక్కి తీసుకోమంటే మాత్రం మొహం ఎర్రగా చేసుకున్నారు. ఈ రోడ్డు మీద నలభై ఏళ్ళలో ఇచ్చిన మాట మార్చలేదట. తిరిగొచ్చినవి అమ్మినట్టు లెక్క కాదని ఆయనే నాకు గుర్తు చేశారు, పందెం న్యాయంగా ఉండాలట.

గోరుచుట్టు మీద రోకటి పోటంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది. వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు గట్టిగా సర్దాను. ఆ చప్పుడులో నా మనసులో ఒక అనుమానం పుట్టి కూర్చుంది. ఇది చాదస్తం కాదు, ఆయనకి గది కావాలి. ముప్పై అమ్మించినట్టే అమ్మించి, వెనక్కి రప్పించి, మెల్లగా కవర్లు లోపల పెట్టుకుందామని ఆయన ఎత్తు. అలా అనుకున్నందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను గానీ, అప్పుడు నూటికి నూరుపాళ్ళూ నమ్మాను.

ఆరో రోజున మొదటి డిస్కు తిరిగొచ్చింది. తెచ్చినవాడు కళ్ళజోడు కుర్రాడు. కళ్ళ కింద నల్లటి చారలు. "అయిపోయింది తాతగారండి. ఇంక ఆడ్డానికేం లేదండి."

"అయిపోవడం వేరు, చావడం వేరు" అన్నారు మావయ్యగారు. "కూర్చో. ఎక్కడ ఎండిందో చూపించు."

వాణ్ణి టీవీ ముందు కూర్చోబెట్టి, పక్కన తన కుర్చీ వేసుకుని, కళ్ళజోడు తుడుచుకుని పరీక్ష మొదలెట్టారు. వాడు పరుగెత్తుతూ శత్రువుల్ని కాలుస్తున్నాడు. ఈయనేమో, "ఆగాగు, ఆ పొద దగ్గరికెళ్ళు. కాల్చకయ్యా, అడ్డం తప్పుకో" అంటున్నారు. పొద ముందు నిలబడ్డ కుర్రాణ్ణి శత్రువులు నాలుగు వైపుల నుంచీ కాల్చి చంపేశారు. మళ్ళీ బతికాడు, మళ్ళీ అదే పొద దగ్గరికి పంపించారు. మూడోసారి చచ్చాక మావయ్యగారు తొడ చరిచారు.

"చూశావా అమ్మాయ్! ఆకులు వేరువేరుగా ఆడుతున్నాయి. సరిచేశారు. నా మాట విన్నారు!"

మీ మాట వాళ్ళకెలా తెలుస్తుందండీ అని అడిగితే, "మంచి మాట ఎలాగో చేరుద్ది" అన్నారు. ఆ సాయంత్రానికల్లా నర్సరీలో కూలీలందరికీ ఈ కబురు తెలిసిపోయింది. ఆ తర్వాత ఆయన కుర్రాడి వైపు తిరిగి తీర్పు చెప్పారు.

"రోజుకెన్ని గంటలు ఆడేవు?"

"పన్నెండు... ఒక్కోరోజు పద్నాలుగండి."

"అదీ సంగతి. కుండీ మొక్కకి బకెట్లతో నీళ్ళు పోశావు. వేరు కుళ్ళింది. తప్పు మాది కాదు. పట్టుకెళ్ళి రోజుకో అరగంట ఆడు, మళ్ళీ చిగురేస్తది."

వాడు డిస్కు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. నేను అంత కోపంలోనూ కౌంటరు కింద వంగి నోరు నొక్కుకుని నవ్వాను. పాపం, వాడు మర్నాడు వచ్చి, స్నేహితులతో కలిసి ఆడే భాగం ఇంకా ముట్టుకోనేలేదని ఒప్పుకున్నాడు.

ఇక అక్కడి నుంచి రోజూ పంచాయితీ. ఒకడు, "మా నాన్నగారు ఆడనివ్వట్లేదండి" అని తెచ్చాడు. "పశువు మేసిందన్నమాట. కంచె కట్టుకోవడం నీ పని" అని కొట్టేశారు. వాళ్ళ నాన్నగారు ఈ మాట విని ఉండరనే నా ఆశ. ఇంకొకడు, తన పాత టీవీలో బొమ్మ నల్లగా కనిపిస్తోందన్నాడు. "నీడలో పెట్టావు, ఎండలోకి మార్చుకో" అన్నారు. ఆయన అలా తిప్పి పంపిస్తున్నకొద్దీ నా అనుమానం కాస్త సడలేది. ఈయన నా పక్షమే కాబోలు అనుకునేదాన్ని.

అంతలోనే మళ్ళీ మండించేవారు. ఒక కుర్రాడు ఆ ఆట ఆడితే కళ్ళు తిరిగి వాంతి వస్తోందన్నాడు. మావయ్యగారు వాడి చేత ఐదు నిమిషాలు ఆడించి, మొహం పాలిపోవడం స్వయంగా చూసి, "నేల పడలేదమ్మా. మార్చిచ్చెయ్" అన్నారు. ఇంకొకడు, ఆటలో మూడు వేరు వేరు ఊళ్ళలో ఇళ్ళ లోపల ఒకే సోఫా, ఒకే పటం, ఒకే పగిలిన కిటికీ ఉన్నాయని చూపించాడు. ఆయన మూడిళ్ళూ తిరిగి చూశారు. "ఒకే మొక్కకి మూడు పేర్లు పెట్టి అమ్మడమిది. తప్పు మనదే. మార్చిచ్చెయ్." మనదేమిటండీ, ఆ సోఫా నేను పెట్టానా అని అరిచాను. ఆయన వినిపించుకోలేదు. వేరే ఆట తీసి ఇచ్చేదాకా చెయ్యి చాచి నిలబడ్డారు. ఇంట్లో అందరి ముందూ తిట్టేదాన్నే, కానీ మా అత్తయ్యగారు నా చెయ్యి పట్టుకుని, "ఆయన తీరే అంత. సొంత నాన్నగారికి కూడా గ్యారంటీ ప్రకారమే చచ్చిన మొక్కలు మార్చిచ్చారే. బిల్లు చూపించమన్నారు" అన్నారు.

గ్యారంటీ నెల ఆఖరి రోజుకి ఆయన మార్చివ్వడానికి ఒప్పుకున్నవి ఆరు. ముప్పై నాలుగులో ఆరు పోతే ఇరవై ఎనిమిది. రెండు తక్కువ. మధ్యాహ్నం దాకా కూర్చుని పదిసార్లు లెక్కపెట్టుకున్నాను, లెక్క మారలేదు. చివరికి షట్టరు దించి, తాళం వేసి, ఆ తాళంచెవి తీసుకుని నర్సరీ లోపలికి నడిచాను. ఏడవకూడదని నిశ్చయించుకున్నాను. అందుకే వరండాలో ఆ నల్ల కవర్ల కట్టల వైపు చూడకుండా దాటాను.

మావయ్యగారు ఆకుపచ్చ నెట్టు కింద బల్ల దగ్గర కూర్చుని మామిడి అంట్లు కడుతున్నారు. తాళంచెవి ఆయన ముందు పెట్టాను.

"ఇరవై ఎనిమిదండి. ఓడిపోయాను. మీ కవర్లు ఇవాళే సర్దించుకోండి."

"కవర్లేంటమ్మా?" అన్నారు, తలెత్తకుండా.

అంతే. నెల రోజులుగా దాచుకున్నదంతా కట్టలు తెంచుకుంది. "తెలీనట్టు మాట్లాడకండి మావయ్యగారండీ. గది కావాలంటే నోరు తెరిచి అడిగితే ఇచ్చేసేదాన్ని. ఎక్కడో ఎవరో తయారుచేసిన ఆటకి మీరెందుకు మాటిచ్చారు? అది మన చేతిలో పెరిగిందా? దాని వేరు మీకు తెలుసా, నాకు తెలుసా? నా షాపు ముయ్యడానికి కాకపోతే ఇంకెందుకండీ?"

ఆయన అంటు చుట్టూ ప్లాస్టిక్ పట్టీ చుట్టడం పూర్తిచేసి, కొస పంటితో తెంపారు. మెల్లగా దాన్ని పక్కన పెట్టి, ఎదురుగా ఉన్న మొక్కల వరసలు చూపించారు.

"ఈ వరసలో ఉన్నవి మనం కట్టిన అంట్లు. అదిగో, ఆ వరసలో ఉన్నవి కలకత్తా నుంచి దింపుకున్నవి. బిల్లులు రాసేది నువ్వే కదా. ఆ వరసలో మొక్కకి నేనెప్పుడన్నా గ్యారంటీ ఇచ్చానా?"

ఇవ్వలేదు. నాకు బాగా తెలుసు. బయటినుంచి తెచ్చిన మొక్కల బిల్లు మీద "గ్యారంటీ లేదు" అని ఎర్ర సిరాతో రాసేది నేనే. పెద్ద పెద్ద కాంట్రాక్టర్లు వచ్చి బతిమాలినా ఆయన ఆ మాట ఇవ్వలేదు. ఎవరి చేతిలో పెరిగిందో తెలియని మొక్కకి నేను పూచీ ఉండను అనేవారు.

"మనది కాని దానికి నేను మాటివ్వనమ్మా" అన్నారు. తర్వాత కాస్త అయోమయంగా నా మొహంలోకి చూశారు. "నీ షాపు మనది కాదని నాకెవరూ చెప్పలేదే?"

ముక్కు తుడుచుకోవడానికి చీర కొంగు తప్ప ఏమీ దొరకలేదు. ఆయన నా ఏడుపు చూసి కంగారుపడి, ఏం చెయ్యాలో తెలియక, చేతికందిన మామిడంటు ఒకటి తీసి నా చేతిలో పెట్టారు. తాళంచెవి వైపు గడ్డంతో చూపించి, "అది అక్కడ పెట్టకు, మట్టిలో కలిసిపోద్ది" అని మళ్ళీ పనిలో పడిపోయారు. ఒక చేత్తో మామిడి మొక్క, ఇంకో చేత్తో తాళంచెవి పట్టుకుని తిరిగి వచ్చాను.

షట్టరు దగ్గర ఒక కుర్రాడు నిలబడి ఉన్నాడు. చేతిలో డబ్బా, బిల్లు. దించి ఉన్న షట్టరు చూసి బిక్కమొహం వేసుకున్నాడు. "గడువు అయిపోయిందాండి, ఆంటీ?"

"సాయంత్రం దాకా ఉంది, లోపలికి రా" అన్నాను షట్టరు ఎత్తుతూ. "మా షాపులో కొన్నావు కదా, బాగోకపోతే మార్చివ్వమా?"